ఐసీయూ తలుపు బయట
చిన్నతనపు కీళ్ళవాత జ్వరం గుండె కవాటాన్ని దెబ్బతీస్తే, స్త్రీలలో ఆ సంగతి తరచు గర్భంతో ఆయాసం ముంచుకొచ్చినప్పుడే బయటపడుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023లో 10 లక్షలకు పెంచింది. ఆపరేషన్‌కు డబ్బు దొరుకుతుంది, సరే. ఆదిలాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు వచ్చి, హైదరాబాద్‌లో ఐసీయూ బయట రోజుల తరబడి కూర్చునే తల్లి పోగొట్టుకున్న కూలి ఏ లెక్కలోకి వస్తుంది?

లోహపు కవాటం అమర్చాక జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మందు వాడాలి, తరచు ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోవాలి. ఆ మందు కడుపులో బిడ్డకు హాని చేయొచ్చు. ఈ మాట భర్తకో అత్తకో కాదు, ఆపరేషన్‌కు ముందే ఆమెకే చెప్పాలి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు దగ్గర్లోనే ఆ పరీక్ష, మందు ఉచితంగా అందాలి. ఇది దయ కాదు, ఆమె హక్కు. అడుగుదాం.