ఆంబోతునకు పత్రమేది?

కనుమనాడు పశువుల కొమ్ములు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, మెడకు దండ వేయుట మన ఇండ్ల ఆచారము. జొన్నాడ మొదలుకొని రాజోలు వరకు కోనసీమ గ్రామములు తిరిగి చూడుడు. ఆనాడు బొట్టు పెట్టుటకు పాడిగేదె దొరకును. మూపురమెత్తిన తెల్లని కోడెగిత్త దొరకుట అరుదు. ఈ సంగతి పల్లెటూరి రైతుదే యని పట్టణవాసులు ఊరకుండరాదు. తరతరముల ఆంధ్రకర్షకుల తెలివిచేత పెరిగిన ఆస్తి యొకటి మన చేతినుండి జారిపోవుచున్నది.

కోనసీమ తన యెడ్లను తానే కన్న సీమ కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి డెల్టాలో బీళ్లు వరిమళ్లయినవి. మేతభూమి లంకలకు, కాలువగట్లకు పరిమితమైనది. వరిగడ్డి తిని బలిష్ఠమైన గిత్త పెరుగుట కష్టము. (జొన్నాడ పేరులో జొన్న యున్నదే గాని, నేడచ్చట కంటికి కనబడునది వరియు, అరటియు, కొబ్బరియు.) జొన్నచొప్ప సమృద్ధిగా దొరకు గుండ్లకమ్మ ప్రాంతపు నల్లరేగడి రైతులు కోడెలను పెంచిరి, డెల్టా రైతులు వానిని కొని దున్నుకొనిరి. వారు పెంచుటయు వీరు కొనుటయు, రెండును కలిసియే ఒంగోలు జాతి నిలిచినది.

ఆ జాతిని నిలబెట్టిన ఏర్పాటు మిక్కిలి చిత్రమైనది. గృహస్థుడు గతించినప్పుడు వృషోత్సర్గము చేసి, కోడెదూడకు అచ్చువేసి దేవునిపేర విడుచుట ఆచారము. మంచి గ్రామములలో పెద్దలు ఆ దూడను ఊరక యెంచెడివారు కారు. తల్లి పాడి, తండ్రి పొడవు, మూపురము, గంగడోలు, కాలిగిట్ట, నడక పరీక్షించి, వంక లేనిదానినే అంగీకరించెడివారు. అది ఎవరి చేనిలో మేసినను అదలింపరు; ఊరి యావులకెల్ల అదియే ఆంబోతు. ఇట్లు ఒక్కని పితృకార్యము ఊరందరి పశుసంపదకు మూలధనమైనది. నేడు ‘అచ్చోసిన ఆంబోతు’ అనునది తిట్టు. మాట తిట్టుగా మారినప్పుడే దాని వెనుకనున్న బాధ్యతయు మరుగుపడినదని మా అనుమానము.

ప్రభుత్వమువారు బొత్తిగా ఊరకుండలేదు. 1940లో మదరాసు రాష్ట్రమున పశుసంపద అభివృద్ధి చట్టము పుట్టినది. గుంటూరు సమీపమున లాం క్షేత్రము, నెల్లూరు జిల్లాలో చింతలదేవి క్షేత్రము కలవు. కాని చట్టమును క్షేత్రమును ఊరి పెద్దల కంటికి మారుగా నిలువజాలవు.

ఇక సముద్రమున కావలి కథ వినుడు. 1904లో గుంటూరు జిల్లా యేర్పడువరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. అందుచేత పందొమ్మిదవ శతాబ్దము నుండి బ్రెజిలు దేశమునకు చేరిన మన పశువులకు అచ్చట ‘నెలోరు’ అని పేరు నిలిచినది. 1960ల తొలినాళ్లలో ఒంగోలు దాపుననున్న కరవది గ్రామము పేరుతో ఒక ఆంబోతు అచ్చటికి పోయినది. నేటి నెలోరు మందల వంశవృక్షములలో ‘కర్వాది’ మూలపురుషులలో నొకడు. నేడా దేశపు పశువులలో అధికభాగము నెలోరు రక్తము గలవే. 2023లో వియాటినా-19 అను ఆవునందు మూడవవంతు భాగము మాత్రము వేలములో అమ్ముడుపోగా, ఆ లెక్కను ఆవు మొత్తము వెల సుమారు 43 లక్షల డాలర్లని తేలినది. కంపెనీ వాటాలవలె ఆవులో వాటాలు! న్యాయవాద వృత్తిలో నున్నవారికి ముచ్చట గొలుపు విషయమే.

వా రేమి చేసిరి? వారి గడ్డి మనదానికంటె తీపి కాదు. వారు వ్రాసిరి. ఉబెరాబా పట్టణమున జాతిసంఘము నెలకొల్పి, తల్లిపేరు, తండ్రిపేరు, పుట్టినదినము, తూకము పుస్తకమున కెక్కించిరి. వేలములో పలికిన ధర పశువునకు మాత్రమే కాదు, దాని పుస్తకమునకు గూడ.

మన సంతలో బేరమెట్లు సాగునో చదువరులలో పలువురెరుగుదురు. దళారి పైపంచె క్రింద వ్రేళ్లు నొక్కును. అమ్మువానికి దక్కిన ధర యెంతయో కొన్నవానికి తెలియదు. నోరు తెరచి పండ్లు లెక్కించి వయసు చెప్పుదురు, అది శాస్త్రమే. సుడులు చూచి శుభాశుభములు చెప్పి వెల తగ్గింతురు; అది శాస్త్రము కాదు. పది సెంట్ల భూమి కొనువాడు ముప్పదియేండ్ల దస్తావేజులు వెదకించి వకీలు నభిప్రాయ మడుగును. లక్షలు పోసి కోడెల జత కొనువాడు వాని తండ్రి యెవరని యడుగడు!

ఇచ్చట ఒక చిక్కును దాచరాదు. బ్రెజిలు ధరకు మూలము మాంసము. మన ధరకు మూలము దుక్కి. దుక్కిని ట్రాక్టరు తీసికొనినది. బండలాగు పందెములు కొన్ని మేలైన జతలకు వెల నిలిపియున్నవి గాని, పందెమునకు బలము చాలును, సంతానముతో పని లేదు. కావున బ్రెజిలును మక్కికి మక్కిగా అనుకరింపుడని మేము చెప్పము. పని పోయిన గిత్తకు మిగిలిన విలువ దాని బీజము. ఎండకు తాళుట, కటికమేతతో బ్రదుకుట, రోగములకు లొంగకుండుట దాని గుణములు. ఆ బీజమునకు వ్రాతలో ఋజువున్ననే వెల కలుగును.

ఋజువు సంపాదించుట గొప్ప వ్యయముతో కూడిన పని కాదు. ఇప్పుడు పశువుల చెవులకు పన్నెండంకెల బిళ్లలు వేయుచున్నారు. ఆ బిళ్ల పశువును గుర్తించును. తల్లిదండ్రుల పేరులు వ్రాసినవారుండిననే వంశము తెలియును. కృత్రిమ గర్భధారణకు వాడు వీర్యపు గొట్టముమీద ఆంబోతు సంఖ్య ముద్రించియే యుండును. పని యైన పిమ్మట దానిని పారవేయుచున్నారు. రైతు చూడడు, అడుగడు. ఒంగోలు ఆవునకు ఏ జాతి వీర్యము వేసిరో తెలియని యిండ్లెన్నియో!

జాతీయ రహదారిమీదను గౌతమీ గట్టునను ఉన్న జొన్నాడ వంటి చోట ఏటేట కనుమ వెళ్లిన వారమున గిత్తలకును పెయ్యలకును బహిరంగ వేలము పెట్టవచ్చును. రావులపాలెము అంగడిలో అరటిగెల ధర పదిమంది యెదుట తేల్చుకొనుట యెరిగిన రైతులకు ఇది క్రొత్త విద్య కాదు. నియమములు మూడు చాలును: చెవిబిళ్ల లేనిదానిని పాటలోనికి రానీయరాదు, తల్లిదండ్రుల సంఖ్యలు పాటకు ముందు బిగ్గరగా చదువవలెను, పైపంచె క్రింద బేరము కూడదు. తొలియేడు పది గిత్తలు వచ్చినను చాలును. పశువైద్యుడు తూకము పరీక్షించి సంతకము చేయును. వ్రాయసకాని పని మాత్రము చదువుకొన్నవారిదే. ప్రతి గ్రంథాలయమందును వార్తాపత్రికల బల్లప్రక్కన ఒక దళసరి పుస్తకముంచి, ఊరిలో ఈనిన ప్రతి ఆవు పేరున ఒక పుట కేటాయింపుడు. గొట్టముమీది సంఖ్యను తెచ్చి యిచ్చిన రైతుపిల్లవాని పేరు కూడ ఆ పుటలోనే వ్రాయుడు.