కంప్యూటరు తెరచిన వారెవరు?

విజయవాడ గవర్నరుపేటలోని ఆడిటరు కార్యాలయములు మొదలుకొని గుంటూరు మిర్చి యార్డు చుట్టునున్న కమిషను దుకాణముల వరకు, హైదరాబాదు ఆబిడ్సులోని చిట్‌ఫండు శాఖలు మొదలుకొని జిల్లా కేంద్రములలోని నర్సింగు హోముల వరకు, ఇరువది ముప్పది కంప్యూటర్లు గల కార్యాలయములలో పెక్కింటియందు, ఉద్యోగులందరును ఒకే పేరుతో తమతమ యంత్రములను తెరచుట కానవచ్చును. ఆ పేరు ‘అడ్మిన్’. దాని పాస్‌వర్డు సంస్థ పేరును, దాని వెనుక ఒకటి రెండు మూడు అను అంకెలును. అదియును మరతురేమో యని తెర అంచున చీటిపై వ్రాసి అంటించియుందురు. పని జరుగుచున్నది గదా, ఇందు దోషమేమని యజమానులందురు. పని జరుగుచున్న మాట నిజమే. ఎవరు చేయుచున్నారన్నదే తెలియకున్నది.

2023 ఏప్రిల్ 1వ తేదీనుండి కంపెనీలు లెక్కలు వ్రాసికొను సాఫ్ట్‌వేరునందు ప్రతి మార్పునకును జాడ నిలువవలెనని, ఆ జాడను మాన్పుటకు వీలుండరాదని కేంద్రప్రభుత్వపు నిబంధన అమలులోనికి వచ్చినది. సదుద్దేశముతో చేసిన నిబంధనయే. కాని విండోసునందు అందరును అడ్మిన్‌గా నుండి, ట్యాలీలోనికి సైతము ఆ యొక్క పేరుతోనే ప్రవేశించు కార్యాలయమునందు, మార్చి నెలాఖరున ఒక వోచరు అంకె మారినదని తేలినప్పుడు, ఆడిటరుగారు జాడ తీసి చూడగా ‘అడ్మిన్ దిద్దెను’ అని మాత్రమే కనబడును. అటువంటి సమయమున అనుమానము మేనేజరు గదివైపు పోవుట నేనెన్నడును ఎరుగను. అది క్రొత్తగా చేరిన డేటా ఎంట్రీ అమ్మాయి బల్లవైపే పోవును. తాను చేయలేదని నిరూపించుకొనుటకు ఆమె చేతిలో ఆధారమేమియు నుండదు. ఎవరి పేరున వారు పనిచేయు ఏర్పాటు యజమానికి కాపలా యని లోకము తలచుచున్నది గాని, అది మొట్టమొదట చిన్న ఉద్యోగికి రక్షణ. ఈ కారణము చేతనే కార్యాలయపు కంప్యూటర్లను డొమైను క్రిందికి తెచ్చుటను నేను సమర్థించుచున్నాను; ఈ కారణము చేతనే ఆ పని మనవద్ద జరుగుచున్న తీరును గర్హించుచున్నాను.

డొమైను లేని చోట ప్రతి యంత్రమును తన వినియోగదారుల పట్టికను తనలోనే దాచుకొనియుండును. ఇరువదియైదు కంప్యూటర్లున్నచో ఇరువదియైదు పట్టికలు. ఉద్యోగము మానుకొని పోయినవాని పేరు తొలగింపబూనినచో ఏ మూలనున్న యంత్రమునందో అది మిగిలిపోవుట తథ్యము. డొమైనునందు పట్టిక ఒక్కటే. అది కంట్రోలరు అనబడు సర్వరునందుండును. ఉద్యోగి ఏ బల్లయొద్ద కూర్చుండినను అతని పేరు అతని వెంట వచ్చును. 1993లో విండోస్ ఎన్‌టీతో మైక్రోసాఫ్టు ఈ పద్ధతిని కార్యాలయములకు తెచ్చి, 2000 సంవత్సరమున దానికి యాక్టివ్ డైరెక్టరీ అను రూపమిచ్చినది. లోనికి వచ్చువారిని పోల్చుకొను కెర్బరాస్ విధానము మాత్రము దాని సొంత సృష్టి కాదు, అమెరికాలోని ఎం.ఐ.టి. వారు 1983లో ఆరంభించిన అథీనా ప్రణాళికయందు, విద్యార్థి ఏ కంప్యూటరు ముందర కూర్చుండినను తన పని తనకు దొరకవలెనన్న తలంపునుండి పుట్టినది. లైసెన్సు ఖర్చునకు వెనుదీయువారికి సాంబా అను ఉచిత సాఫ్ట్‌వేరు కలదు. 2012 డిసెంబరులో వెలువడిన నాలుగవ సంచికనుండి అది కంట్రోలరు పాత్రను సంపూర్ణముగా నిర్వహింపగలదు. అయినను, చౌకగా వచ్చినవని కొన్న లాప్‌టాపులలోని విండోస్ హోమ్ డొమైనులో చేరజాలదు. దానిని ప్రో గా మార్చుకొను ఖర్చు తప్పదు. ఏడెనిమిది యంత్రములు మాత్రమే యున్న చోట ఈ హంగామా యంతయు నక్కరలేదనియు, ప్రతివారికిని యంత్రములోనే వేరొక యూజరును ఏర్పరచినచో చాలుననియు ఇచ్చటనే చెప్పి ముందుకు సాగుదును.

అసలు చిక్కు ప్రొఫైలునందు, అనగా ప్రతి యూజరునకును యంత్రములో నుండు సొంత ఏర్పాటునందు, ఉన్నది. శనివారము సాయంకాలము అందరును ఇండ్లకు పోయిన పిమ్మట కంప్యూటరు కుర్రవారు వచ్చి, రాత్రికి రాత్రి యంత్రములన్నిటిని డొమైనులో చేర్చి, అంతయు సిద్ధమని యజమానికి ఫోనుచేసి బిల్లు పంపుదురు. సోమవారము ఉదయము, ఏండ్ల తరబడి అదే బల్లయొద్ద పనిచేయుచున్న అకౌంటెంటు సుజాత తన క్రొత్త పేరుతో లోనికి ప్రవేశింపగా, డెస్క్‌టాపుపై ఆమె పెట్టుకొన్నదేదియు కనబడదు. జరిగినదేమనగా, యంత్రము మనుష్యులను పేరునుబట్టి గుర్తింపదు; ప్రతి యూజరునకును ‘ఎస్-1-5-21’ అని ఆరంభమగు పొడవైన సంఖ్య నొకదానిని కేటాయించి దానినిబట్టియే గుర్తించును. నిన్నటివరకు యంత్రములో నుండిన సుజాతయు, నేడు డొమైనులో ఏర్పడిన సుజాతయు అక్షరములలో ఒక్కరేయైనను సంఖ్యలలో వేరగుటచేత, విండోస్ ఈమెను ఎన్నడును చూడని మనిషిగా నెంచి, సీ డ్రైవులోని యూజర్స్ ఫోల్డరునందు పాతదాని ప్రక్కనే క్రొత్త ఫోల్డరొకటి తెరచి, దాని పేరునకు డొమైను పేరును తోకగా తగిలించి, ఖాళీ బల్లను ఆమె ముందుంచును. ఆమె ఫైళ్లు ఎచ్చటికిని పోలేదు. ప్రక్క ఫోల్డరులోనే యున్నవి. వానిని తెరచు అనుమతి మాత్రము ఆమెకు లేదు.

పాత ఫోల్డరులోనివన్నియు క్రొత్తదానిలోనికి కాపీ చేసి ఇచ్చినచో సరిపోవునని కుర్రవారందురు. సగము మాత్రమే సరిపోవును. ప్రొఫైలనగా ఫైళ్ల మూట కాదు. తెలుగు టైపు చేయుటకు ఆమె ఎంచుకొన్న కీబోర్డు అమరిక, ఏ ప్రింటరునకు ముందుగా పంపవలెనన్న ఏర్పాటు, మెయిలు తెరచు విధము, జీఎస్టీ పోర్టలునకును బ్యాంకులకును చేసికొన్న గుర్తులు, ఇవి యన్నియు ఆ సంఖ్యకు చెందిన రిజిస్ట్రీలోనో, దానికి కట్టిన మరుగు ఫోల్డర్లలోనో వసించును. బ్రౌజరునందు దాచుకొన్న పాస్‌వర్డుల సంగతి మరింత సున్నితము. పాత యూజరు యొక్క పాస్‌వర్డునుండి పుట్టిన తాళముతో విండోస్ వానికి ముద్రవేసియుండుటచేత, ఫైలును యథాతథముగా క్రొత్త ఫోల్డరులో పెట్టినను క్రొత్త యూజరునకు అది తెరచుకొనదు. పాత పేరుతో ప్రవేశింపబోయి, పాస్‌వర్డు తెలియక, అడ్మిన్ హక్కుతో దానిని బలవంతముగా మార్చివేసినచో ఉన్న దారియును మూసికొనిపోవును. విండోసులోని ఎన్‌క్రిప్షన్ సౌకర్యముతో ఎవరైన ఫైళ్లకు తాళము వేసికొనియున్నచో, ఆ సర్టిఫికెటును ముందే బయటికి తీసి భద్రపరుపనిచో అవి శాశ్వతముగా పోయినట్లే.

కావున రెండు మార్గములు గలవు. మైక్రోసాఫ్టువారి యూజర్ స్టేట్ మైగ్రేషన్ టూలుతో పాత ప్రొఫైలును మూటగట్టి క్రొత్త పేరు క్రింద విప్పుట యొకటి. ఫోరెన్‌సిట్ వారి ప్రొఫైల్ విజర్డు వంటి సాధనముతో పాత ఫోల్డరునే కదలింపక, దాని యాజమాన్యమును క్రొత్త సంఖ్యకు బదిలీచేయుట మరియొకటి. చిన్న కార్యాలయములకు రెండవది సుకరమని నా యభిప్రాయము. డెస్క్‌టాపుమీది బొమ్మ సైతము చెక్కుచెదరక, ఉద్యోగికి నిన్నటి యంత్రమే నేడును కనబడును. ఏ మార్గమైనను బ్రౌజరులోని పాస్‌వర్డులను ముందుగా విడిగా ఎత్తి పెట్టుకొనుట మంచిది. అన్నిటికంటె ముఖ్యమైనది ఆ పని జరుగు సమయమున ఆ యుద్యోగి ప్రక్కన కూర్చుండియుండుట. ఏ ఫైలు లేనిచో తన పని ఆగునో ఆమెకు తెలిసినంతగా ఏ ఇంజనీరునకును తెలియదు. ముందుగా ఒక్క యంత్రమును మాత్రము మార్చి, వారమురోజులు వాడి చూచి, తరువాత మిగిలినవాని జోలికి పోవలయును. నెలలో 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి 3బి దాఖలు చేయవలసిన కార్యాలయమునందు ఆ రెండు తేదీల నడుమ ఈ పనికి పూనుకొను యజమానిని సాహసియని పిలువవచ్చును గాని వివేకి యని పిలువజాలము.

డొమైనులో చేర్చునప్పుడు గమనింపవలసిన గడియారముల విషయ మొకటి గలదు. కెర్బరాస్ విధానమునందు యంత్రపు కాలమునకును కంట్రోలరు కాలమునకును ఐదు నిమిషములకు మించి తేడా యుండరాదు. మదర్‌బోర్డులోని బ్యాటరీ చచ్చి, తెరచినప్పుడెల్ల ఏనాటి తేదీయో చూపు పాత డెస్క్‌టాపులు ఇచ్చట పేచీ పెట్టును. కేంద్రప్రభుత్వపు సైబరు భద్రతా సంస్థయగు సెర్ట్-ఇన్ వారు 2022 ఏప్రిల్‌లో జారీచేసిన ఆదేశములు సైతము గడియారములను ఎన్.ఐ.సి. లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల వారి కాలముతో సరిపెట్టుకొనవలెననియు, లాగులను, అనగా యంత్రములలోని జాడల చిట్టాలను, 180 దినములు నిలుపవలెననియు, సైబరు దుర్ఘటన తెలిసిన 6 గంటలలో తెలియజేయవలెననియు శాసించుచున్నవి. అందరును అడ్మినే యైన కార్యాలయమునందు ఆ 180 దినముల లాగు ఎంత నిలిపినను ఏమి చెప్పగలదు?

సర్వరు ఆగిపోయినచో అందరి పనియు ఆగిపోవును గదా యను ఆక్షేపణ తరచుగా వినవచ్చుచున్నది. లోగడ ఒక యంత్రముపై ప్రవేశించినవారి గుర్తింపును విండోస్ ఆ యంత్రమునందే నిలుపుకొనును, సామాన్యముగా కడపటి పదిమందిది. కావున సర్వరు ఆగినను వారు తమ యంత్రములను తెరువగలరు. సర్వరులో నుంచిన ఫైళ్లు మాత్రము అందవు. ఈ భయమునకు ఔషధము రెండవ కంట్రోలరు, వేరొక చోట భద్రపరచిన బ్యాకప్పు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అను దుష్ట సాఫ్ట్‌వేరు డెన్మార్కునకు చెందిన మేర్స్క్ నౌకాసంస్థ జాలమునంతటిని ధ్వంసముచేసినప్పుడు, పత్రికలు వ్రాసిన ప్రకారము లోకమంతటను చెల్లాచెదురుగా నున్న ఆ సంస్థ కంట్రోలర్లన్నియు తుడిచిపెట్టుకొనిపోగా, ఘనా దేశమునందు కరెంటు పోయిన కారణమున ఆ సమయమునకు ఆగియుండిన ఒక్క కంట్రోలరు మాత్రము బ్రతికి బయటపడి, తక్కినవాని పునరుద్ధరణకు ఆధారమైనది. పది దినములలో 45,000 కంప్యూటర్లను, 4,000 సర్వర్లను తిరిగి స్థాపించితిమని సంస్థాధ్యక్షుడు జిమ్ స్నాబె 2018 జనవరిలో దావోస్ సభయందు ప్రకటించెను. కరెంటు కోతను మెచ్చుకొనుటకు మనకు లభించిన అరుదైన సందర్భమిది. అయినను దానిపై నాధారపడి బ్యాకప్పు మానుట తగదు.

ఆ ఉపద్రవమునకు తోడ్పడిన కారణములలో ఒకటి మనకు మిక్కిలి సన్నిహితమైనది. ఏదో యొక యంత్రముపై పెద్ద అధికారము గలవారు ప్రవేశించియున్నప్పుడు వారి గుర్తింపు ఆ యంత్రపు జ్ఞాపకములో నిలిచియుండును. దానిని దొంగిలించియును నాట్‌పెట్యా యంత్రమునుండి యంత్రమునకు పాకినది. మనవద్ద యజమాని ‘సంస్థ నాది, అన్ని హక్కులు నాకుండవలదా’ యని డొమైను అడ్మిన్ హక్కును తన సొంత లాగిన్‌నకే తగిలించుకొని, ఆ పేరుతోనే రోజంతయు మెయిళ్లు చదువును, అటాచ్‌మెంట్లు తెరచును. ఆయన హక్కును కాదనుట లేదు. ఆ హక్కు వేరొక పేరున, వేరొక పాస్‌వర్డుతో, అవసరమైన నాడు మాత్రమే వాడునట్లుండవలెనని చెప్పుచున్నాను. కొందరు ఇందుకు విరుద్ధముగా అంతయు కంప్యూటరు కంపెనీవానికే వదలివేయుదురు. ఆంధ్రప్రదేశములో 1984లో కరణపు ఉద్యోగములను రద్దుచేసినప్పుడు, గ్రామపు దస్త్రములు కొన్నిచోట్ల కరణముల యిండ్లలోనే యుండి బయటికి వచ్చుట కష్టమైన సంగతి పెద్దలెరుగుదురు. డొమైను అడ్మిన్ పాస్‌వర్డు వెండరు జేబులో మాత్రమే యున్న సంస్థ స్థితియు అట్టిదే. ఆ పాస్‌వర్డును కాగితముపై వ్రాయించి, కవరులో పెట్టి ముద్రవేసి, బీరువాలో దాచుటకు పైసా ఖర్చు లేదు.

ఉద్యోగుల పక్షమున వినవచ్చు శంక యొకటి న్యాయమైనది. డొమైనులో చేరిన యంత్రముపై అడ్మిన్ హక్కు గలవాడు తన చోటునుండియే ఇతరుల ఫైళ్లను చూడగలడు. దీనిని మరుగుపరచి, ‘మీ సౌకర్యము కొరకే’ యని తీపిమాటలు చెప్పుట అనుచితము. ఏమి చూడవచ్చునో, ఎవరు చూడవచ్చునో, చూచిన జాడ ఎచ్చట నిలుచునో ఒక పుటలో తెలుగున వ్రాసి అందరి సంతకములు తీసికొనవలయును. ఆ సంతకములలో మొదటిది మేనేజరుది కావలయును.

ఈ వ్యవహారమున నాకు కనబడిన కొటేషన్లలో సర్వరు, యూపీఎస్, లైసెన్సులు, కేబుల్, స్విచ్చి యన్నియు రూపాయలతో సహా వివరముగా నుండును. ప్రొఫైళ్ల బదిలీకి మాత్రము ప్రత్యేకముగా ఒక్క పంక్తియు నుండదు, లేదా ‘ఇన్‌స్టలేషన్’ అను ఒక్క మాటలో అది కలిసిపోవును. బేరమాడునప్పుడు మొదట కోతబడునదియు ఆ శ్రమయే. యంత్రమొకటికి ఉద్యోగి సమక్షమున ఇన్ని గంటలని, పాత ప్రొఫైలు మూడు నెలలవరకు చెరుపబడదని, రెండవ కంట్రోలరు ఎచ్చట నుండునో, అడ్మిన్ పాస్‌వర్డు ఎవరికి అప్పగింపబడునో ఆ కాగితముమీదనే వ్రాయించుకొని, అట్లు వ్రాయుటకు ఒప్పుకొనని కొటేషనును యజమాని సంతకము చేయక తిప్పి పంపవలయును.