తుపాకి మీద పేరు

మా పక్కింటావిడకి ఎనభై దాటాయి. భర్త పోయి ఏడాదైంది. ఆయన తాతగారి నాటి జోడు గొట్టాల తుపాకి అప్పటినుంచీ లైసెన్సున్న డీలరు దగ్గరే ఉంది. అమ్మేస్తారా, కొడుకు సర్టిఫికెట్టు తెచ్చుకుని తీసుకుంటాడా తేల్చమని డీలరు ఉత్తరం రాశాడట. కారులో తీసుకెళ్ళమని నన్నడిగింది. తుపాకుల గురించి నాకు తెలిసిందల్లా సినిమాల్లో చూసిందే.

"ఇది లండన్ సరుకు" అని ఆయన జీవితమంతా చెప్పుకునేవాడట. గొట్టాల మధ్య పట్టీ మీద ఎవరిదో పేరు, పక్కన 'లండన్' అనీ నిజంగానే చెక్కి ఉంది.

డీలరు ఆ అక్షరాల వంక సరిగ్గా చూడను కూడా లేదు. గొట్టాలు ఊడదీసి, బోర్లించి బల్ల మీద పెట్టాడు. తూటా కూర్చునే చోట, అడుగున, చిన్న చిన్న ముద్రలు. ఇక్కడ తుపాకి అమ్మాలంటే ముందు దాని గొట్టంలో మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి పేల్చి చూడాలి. తట్టుకుంటేనే ముద్ర. ఆ పని చేసేది లండన్‌లో ఒకచోట, మా బర్మింగ్‌హామ్‌లో ఒకచోట. మా ఊరి ప్రూఫ్ హౌస్ 1813 నాటిది, బాన్‌బరీ స్ట్రీట్‌లో. ఇన్నేళ్ళూ దాని ముందునుంచి వెళ్తూ అదేదో పాత కోర్టనుకున్నాను!

భూతద్దంలో కిరీటం, దానికింద ఒకదాన్నొకటి దాటే రెండు రాజదండాలు కనిపించాయి. అది బర్మింగ్‌హామ్ ముద్ర, 1904 వరకూ వాడారు. పక్కన డైమండ్ ఆకారంలో 12, సి. అది 1887లో మొదలైంది. ఈ రెండేళ్ళ మధ్యే దీని పుట్టుక. బయటికి సుత్తులు లేవు, యంత్రమంతా లోపలే. వెస్ట్‌లీ రిచర్డ్స్‌లో పనిచేసిన ఆన్సన్, డీలీ 1875లో పేటెంటు తీసుకున్న పద్ధతి. అదీ ఈ ఊరిదే.

ముద్రని బట్టి పరీక్ష ఎక్కడ జరిగిందో చెప్పొచ్చుగానీ, తయారీ ఎక్కడో ఒట్టేసి చెప్పలేమన్నాడు. కాకపోతే ఇక్కడి పనివాళ్ళు చేసి, కొన్న దుకాణం పేరు చెక్కి పంపడం అప్పట్లో మామూలేనట. కలకత్తా దుకాణాల పేర్లతో కూడా వెళ్ళేవట. నాకు మా ఇంట్లో స్టీలు గిన్నెలు గుర్తొచ్చాయి. వాటి మీద అత్తయ్య పేరు, పెళ్ళి తేదీ ఉంటాయి. గిన్నె చేసినవాడి పేరు ఎవరు చూశారు?

పక్కింటావిడ ఏమీ అనలేదు. గొట్టం మీద నీళ్ళలో అలల్లాంటి గీతలు ఏమిటని మాత్రం అడిగింది. ఇనుమూ ఉక్కూ మెలిపెట్టి అతికించిన డమాస్కస్ గొట్టమట. పొగలేని మందుకి పరీక్షించిన ముద్ర దీనికి లేదు కాబట్టి ఇవాళ్టి తూటా పెట్టి పేల్చొద్దని డీలరు రెండుసార్లు చెప్పాడు. కొడుకేమో దాంతో క్లే షూటింగ్‌కి వెళ్ళాలని ముచ్చట పడుతున్నాడు.

తిరుగు దారిలో కారులోంచే కొడుక్కి ఫోన్ చేసింది. గొట్టం పేలిపోవచ్చన్న సంగతి వివరంగా చెప్పింది. లండన్ సంగతి మాత్రం ఎత్తలేదు.