ఇసుక లెక్కలో లేని ప్రాణి

కూర్మావతారానికి గుడి కట్టుకున్నవాళ్లం మనం. శ్రీకూర్మం వెళ్తే అక్కడి నక్షత్ర తాబేళ్లకు దండం పెట్టుకుని వస్తాం. సముద్రపు తాబేళ్ల సంగతి సరేసరి. పిల్లల్ని అలల్లోకి వదిలే వేడుకకు ఏటా ఫొటోలు, వార్తలు. మన గోదావరిలో బతికే లీత్ తాబేలు పేరు మాత్రం ఎంతమంది విన్నారు?

అందగత్తె ఏమీ కాదు. గట్టి డిప్ప ఉండదు, వీపంతా తోలే. పిల్లగా ఉన్నప్పుడు ఆ వీపు మీద పసుపు అంచుతో కళ్లలాంటి మచ్చలుంటాయి, పెరిగేకొద్దీ అవీ మాసిపోతాయి. అడుగు ఇసుకలో ఒళ్లు కప్పుకుని, పొడుగాటి మెడ చాచి, సన్నటి ముక్కు ఒక్కటే నీటిపైకి పెట్టి ఊపిరి పీల్చుకుంటుంది. చేపలు, పీతలు, నత్తలు తింటుంది. కుళ్లిన కళేబరాన్నీ వదలదు. జీతం బత్తెం లేకుండా నదిని శుభ్రం చేసి పెడుతోందన్నమాట.

ద్వీపకల్ప భారతంలోని నదులు, జలాశయాలు తప్ప దీనికి ప్రపంచంలో మరో చోటు లేదు. 30 ఏళ్లలో వీటి సంఖ్య 90 శాతం పడిపోయిందని అంచనా. మాంసం మనవాళ్లే తిన్నారు. వీపు అంచున ఉండే మెత్తటి ఎముకను కోసి, ఎండబెట్టి దొంగచాటుగా విదేశాలకు పంపారు. 2022 నవంబరులో పనామాలో, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పంద సదస్సులో భారత్ దీన్ని మొదటి అనుబంధంలో చేర్పించింది. అంటే దేశాల మధ్య దీని వ్యాపారం బంద్. మెచ్చుకోవాలి. కానీ ఆ రోజుకి మన సొంత వన్యప్రాణి చట్టంలో ఇది కుందేళ్లతోపాటు, రక్షణ తక్కువగా ఉండే నాలుగో షెడ్యూల్లోనే పడి ఉంది!

వేటగాణ్నయినా పట్టుకుని కేసు పెట్టొచ్చు. ఇసుక ర్యాంపు మీద ఏ కేసు పెడతాం? ఈ తాబేలు గుడ్లు పెట్టేది ఒడ్డు ఇసుకలోనే. గుంట తీసి, గుండ్రటి గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. పొదిగే పని ఎండది. జేసీబీ ఒక్కసారి తొట్టి ఎత్తితే ఆ ఏటి సంతానమంతా లారీలోకి పోతుంది. ఇసుక గురించి మన దగ్గర జరిగినంత రాజకీయం మరి దేని గురించీ జరగలేదు. టన్నుల లెక్క, లారీల లెక్క, సీనరేజి లెక్క అన్నీ వచ్చాయి. ఆ తిన్నెల్లో గుడ్లున్నాయా అని అడిగిన నాయకుణ్ని నేను వినలేదు.

ర్యాంపుకు అనుమతిచ్చే ముందు అటవీశాఖ మనిషిని ఒక్కసారి ఒడ్డు వెంట నడిపించండి. గుడ్లు పెట్టే తిన్నెలను తవ్వకాల నుంచి తప్పించండి. నదిలో వలేసే అన్నలకూ ఒక మనవి: వలలో ఈ తాబేలు పడితే, వల కోసైనా సరే, నీళ్లలోకి వదిలేయండి. మెడ చాలా దూరం సాగుతుంది, గట్టిగా కరుస్తుంది. వెనకవైపు నుంచి పట్టుకోండి.