ఆ పలకరింపు ఎవరిది?

2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా ఉదంతాన్ని మన సంఘాలు అప్పుడే మరచిపోయినట్టున్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి, ఏజెంట్లకు డబ్బు కట్టి వెళ్లినవారిలో శ్రీకాకుళం జిల్లా యువకులూ ఉన్నారు. అక్కడ వారిచేత బలవంతంగా చేయించినది సైబర్ మోసాలు. ఆడపేర్లతో నకిలీ ఖాతాలు తెరిచి, మన దేశస్థులకే వల వేయించారు.

అంటే ప్రేమగా వచ్చే ఆ మెసేజ్ ఎవరి మనసులోనిదీ కాదు, షిఫ్టు పని. పొద్దున పలకరింపు, మధ్యాహ్నం "తిన్నావా?", రాత్రి "మందులు వేసుకున్నావా?" వారాల తరబడి పైసా అడగరు. ఆ తరువాతే ట్రేడింగ్ యాప్, లేదా ఆసుపత్రి ఖర్చు.

చదువు లేక మోసపోయారనడం తొందరపాటు. పిల్లలు చెన్నైకో, హైదరాబాదుకో, గల్ఫుకో వలసపోయిన మన ఊళ్లలో "తిన్నావా" అని అడిగే మనిషి లేడు. ఆదివారం మనమూ ప్రైజ్ ది లార్డ్ చెప్పి, చేయి కలిపి వెళ్లిపోతాం. అబద్ధమేమోనని అనుమానం వచ్చినా ఆ ఒంటరి మనిషి ఫోను వదలలేరు. వదిలితే మిగిలేది ఖాళీ ఇల్లే.

ఒంటరితనం పాపం కాదు. ఆదాము ఒంటరితనాన్ని దేవుడు పట్టించుకున్నది పాపం లోకంలోకి రాకమునుపే. అయినా మోసపోయిన విధవరాలు సంఘంలో నోరు విప్పదు. "ఈ వయసులో ఇదేం బుద్ధి" అంటామని ఆమెకు తెలుసు. మోసగాడికి కావలసిందీ ఆ మౌనమే. వెంటనే 1930కి ఫోన్ చేస్తే, పోయిన డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశముంది. సిగ్గుతో దాచిన ఒక్కో గంటకూ అది తగ్గిపోతుంది.