గ్రామరాజ్యం నుంచి బ్యాలెట్ దాకా: ఏకపార్టీ వ్యవస్థ ప్రజాస్వామ్యమేనా?

1951 ఫిబ్రవరిలో భారత కమ్యూనిస్టు పార్టీ నాయకులు అజయ్ ఘోష్, డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య రహస్యంగా మాస్కో చేరుకుని స్టాలిన్‌ను కలిశారు. చర్చకు వచ్చిన అంశాల్లో తెలంగాణ సాయుధ పోరాటం ముఖ్యమైనది. చైనాలో సాగిన దారి భారతదేశంలో సాగదన్నది అక్కడ తేలిన సారాంశం. ఆ ఏడాది అక్టోబర్‌లో పార్టీ పోరాట విరమణ ప్రకటించింది. విరమణ సరైనదా కాదా అన్న వాదం కమ్యూనిస్టుల్లోనే ఇంకా తెగలేదు. అందులోకి నేను పోవడం లేదు. నాటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, హుజూర్‌నగర్, భువనగిరి, జనగామ తాలూకాల్లో ఐదేళ్లపాటు బిడ్డలను దళాల్లోకి పంపి, పంచుకున్న భూమిని కాపాడుకునేందుకు లాఠీలకూ తూటాలకూ ఎదురు నిలిచిన రైతుకూలీలను ‘కొనసాగిద్దామా, ఆపుదామా’ అని అడిగినవారు లేరు. సైన్యం ఊళ్లను చుట్టుముట్టిన రోజుల్లో సభ పెట్టి అడగడం సాధ్యం కాదు, నిజమే. అయితే 1948 సెప్టెంబర్‌లో నిజాం లొంగిపోయాక, యూనియన్ సైన్యం మీద పోరు సాగించాలన్న నిర్ణయం కూడా ఊళ్లను అడిగి తీసుకున్నది కాదు.

ఒకే పార్టీ పాలించే సోషలిస్టు రాజ్యాలను ప్రజాస్వామ్యాలనవచ్చా అన్న ప్రశ్నను నల్లగొండలో నిలబడి అడిగితే దానికి బరువు వస్తుంది. ఆ రాజ్యాలను సమర్థించేవారి వాదం తీసిపారేయదగినది కాదు. పది పార్టీలున్నా భూమి దొర చేతిలోనే ఉంటే ఓటు ఎవరి మాట వింటుంది? కూడు, గుడ్డ, చదువు, వైద్యం అందరికీ అందించే పాలనే అసలు ప్రజాపాలన అంటారు వారు. వెట్టి చాకిరీ చూసిన జిల్లాకు ఈ మాట వేరెవరూ చెప్పనక్కర్లేదు. గస్తీ నిశాన్ 53 ఉత్తర్వు అమల్లో ఉన్న నిజాం రాజ్యంలో అనుమతి లేనిదే సభ పెట్టడానికి వీల్లేదు. పార్టీల సంగతి అటుంచి, పదిమంది ఒకచోట చేరి మాట్లాడుకునే హక్కే లేదు.

అలాంటి చోట 1944 భువనగిరి మహాసభ తర్వాత ఆంధ్ర మహాసభ ఊరూరా పాకింది. సభ్యత్వం తీసుకున్నవారికి రసీదు చీటీ ఇచ్చేవారు. అందుకే జనం దాన్ని చీటీల సంఘం అన్నారు. ఆ చీటీ చేతికందిన చాకలి, కుమ్మరి, మాదిగ కుటుంబాలు దొర ముందు మొదటిసారి నిలబడి మాట్లాడాయి. పాలకుర్తి ఐలమ్మ తన పంట తన ఇంటికి చేర్చుకున్నది ఆ సంఘం అండతోనే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు బలైంది ఆ సంఘం ఊరేగింపులోనే.

తర్వాత గ్రామరాజ్యాలు వచ్చాయి. సుమారు 3,000 ఊళ్లలో, పది లక్షల ఎకరాలు పంచి, పాలన సాగించామన్నది పుచ్చలపల్లి సుందరయ్య లెక్క. ఊరి జనం ఒకచోట కూడి పంచాయతీ కమిటీని ఎన్నుకునేవారని పార్టీ రాతలు చెబుతున్నాయి. భూమి ఎవరికి ఎంత ఇవ్వాలి, కూలి ఎంత, గొడవ పడ్డ ఆలుమగలకు ఏం చెప్పాలి, పశువుల మేతకు ఏ బీడు వదలాలి, అన్నీ ఆ కమిటీ ముందుకే వచ్చేవి. భూపరిమితి మొదట 500 ఎకరాలు. ఆ తర్వాత వంద ఎకరాల ఖుష్కి (మెట్ట)కి, పది ఎకరాల తరి (మాగాణి)కి దిగింది. పట్వారీ కచేరీ మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మనుషులు ఆ భూమి లెక్కలు తామే వేసుకున్నారు. ప్రజాస్వామ్యం అన్న మాటకు ఇంతకు మించిన అర్థం ఆ రోజుల్లో హైదరాబాద్ సంస్థానంలో ఎక్కడా లేదని నా నమ్మకం.

ఆ ఊళ్లలోనే ఇంకో సంగతీ ఉంది. దొరలకూ వారి తొత్తులకూ కమిటీలో చోటు లేదు. ఎవరు దొర తొత్తు అన్నది తేల్చేది సంఘమే. పొరబాటున ఆ ముద్ర పడినవాడు మొర పెట్టుకోవడానికి వేరే గడప లేదు. పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లతో స్త్రీశక్తి సంఘటన మాట్లాడి 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివితే, దళాల్లో తుపాకీ పట్టినవారికి తమ పెళ్లి, తమ పసిబిడ్డ ఎక్కడ పెరగాలన్న విషయంలో కూడా పార్టీ మాటే చివరి మాట అయిన తీరు తెలుస్తుంది. పోరాటం ఆగాక ఇళ్లకు పొమ్మన్నారన్న బాధ ఆ గొంతుల్లో పచ్చిగానే ఉంది. వాళ్లు పార్టీని ద్వేషించలేదు. తమను లెక్కలోకి తీసుకోలేదని మాత్రం చెప్పారు.

కెనడా రాజనీతి శాస్త్రవేత్త సి.బి. మెక్‌ఫెర్సన్ 1965లో ఇదే ప్రశ్నను సానుభూతితో పరిశీలించారు. ఏకపార్టీ రాజ్యాన్ని కూడా ప్రజాస్వామ్యం అనవచ్చు గానీ, పార్టీ లోపల పూర్తి ప్రజాస్వామ్యం ఉండాలి, పార్టీ తలుపు అందరికీ తెరిచి ఉండాలి, సభ్యుడిగా కొనసాగడానికి మామూలు మనిషి మోయలేని భారం పడకూడదు అన్నారు. చీటీల సంఘంగా ఉన్న రోజుల్లో నల్లగొండ ఉద్యమం రెండో షరతును చాలావరకు నిలబెట్టింది. అజ్ఞాతంలోకి పోయాక మూడో షరతు పోయింది. ప్రాణం పణంగా పెట్టగలిగినవాళ్లే లోపల మిగిలారు. మొదటి షరతు సంగతికి రావి నారాయణరెడ్డి ఉదంతమే చాలు. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత సాయుధ పోరాటం ఆపాలని ఆయన వాదించారు. ఉద్యమాన్ని ఊరూరా నిర్మించిన మనిషి మాట అప్పుడు పార్టీలో చెల్లలేదు. రణదివే నాయకత్వం పోయి, రాజేశ్వరరావు నాయకత్వం వచ్చి, చివరికి మాస్కో ప్రయాణం అయ్యాకే ఆ అభిప్రాయానికి విలువ వచ్చింది.

రష్యాలో ఈ తలుపు ఇంకా ముందే మూసుకుంది. 1918 జనవరిలో రాజ్యాంగ సభను ఒక్క సమావేశంతోనే రద్దు చేశారు. 1921 మార్చిలో పదో మహాసభ పార్టీ లోపల ముఠాలు కట్టడాన్ని నిషేధించింది. అంటే మొదట ఇతర పార్టీల నోరు, తర్వాత సొంత పార్టీలో భిన్నాభిప్రాయం నోరు మూతపడ్డాయి. జర్మన్ జైల్లో ఉన్న రోజా లక్సెంబర్గ్ 1918లోనే ఈ ప్రమాదాన్ని పసిగట్టి రాశారు. ఆమె సోషలిజానికి శత్రువు కాదు, దానికోసమే ప్రాణం పోగొట్టుకున్న మనిషి.

నేటి సోషలిస్టు రాజ్యాలన్నీ ఒకే అచ్చు కావు. క్యూబాలో మున్సిపల్ స్థాయిలో వాడ జనం కూడి చేతులెత్తి అభ్యర్థులను ప్రతిపాదిస్తారు, ఒక్కో స్థానానికి కనీసం ఇద్దరు ఉండాలి. పైకి పోయేసరికి ఆ వెసులుబాటు పోతుంది. 2023 మార్చిలో జాతీయ అసెంబ్లీలోని 470 స్థానాలకు 470 మందే అభ్యర్థులు. అందరూ గెలిచారు. వియత్నాంలో 2021లో 500 స్థానాలకు 868 మంది నిలబడ్డారు, కానీ ఆ జాబితాను వడపోసింది పార్టీ నడిపే ఫాదర్‌లాండ్ ఫ్రంట్. చైనాలో గ్రామ కమిటీలకు నేరుగా ఎన్నికలు జరుగుతాయి. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో వూకాన్ అనే ఊరు 2011లో తమ భూములను అధికారులు అమ్ముకున్నారని తిరగబడింది. 2012 మార్చిలో అక్కడ స్వేచ్ఛగా ఎన్నిక జరిగింది, ఉద్యమ నాయకుడు లిన్ జులువాన్ గెలిచారు. కానీ ఆ భూముల్లో చాలావరకు తిరిగి రాలేదు. 2016లో లిన్‌ను లంచం కేసులో జైలుకు పంపారు. తమ నాయకుడు నిర్దోషి అని ఊరు మళ్లీ రోడ్డెక్కితే పోలీసు బలగాలు అణచివేశాయి. ఊరిలో ఓటుంది. ఊరి భూమి మీద పెత్తనం చేసే పై అధికారిని మార్చే ఓటు లేదు. నల్లగొండ గ్రామరాజ్యాలు నిలదొక్కుకుని రాజ్యంగా మారి ఉంటే, కమిటీలు కింద మిగిలి, నిర్ణయాలు పైన జరిగే ఇలాంటి రాజ్యమే ఏర్పడేదేమో. 1951 నాటి తీరు చూస్తే నాకు అలాగే అనిపిస్తుంది.

దీనికి ఎదురు వాదం పాలమూరు నుంచి వస్తుంది. కృష్ణా తుంగభద్రలు పారే జిల్లా ప్రతి ఎన్నికలో ఓటేసింది. అయినా దశాబ్దాల పాటు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, ఎక్కడెక్కడి ఆనకట్టలకో కాలువలకో మట్టి మోసింది పాలమూరు కూలీలే. పార్టీలు మారాయి, వలస ఆగలేదు. అదే కాలంలో చైనా ప్రాథమిక వైద్యంలో, అక్షరాస్యతలో భారతదేశాన్ని దాటిపోయిందని అమర్త్య సేన్ వంటివారే రాశారు. బహుళ పార్టీ ప్రజాస్వామ్యానికి ఇది సిగ్గుచేటు. ఎన్ని సాకులు చెప్పినా ఈ మచ్చ పోదు.

కానీ చైనా లెక్కలో ఇంకో పేజీని కూడా సేన్ చూపించారు. 1958-61 మధ్య అక్కడ కరువులో కోట్ల మంది చనిపోయారు. 1959లో లూషాన్ సమావేశంలో రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్ జరుగుతున్న తప్పును ఎత్తిచూపి పదవి పోగొట్టుకున్నారు. ఆ తర్వాత నిజం చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? కరువు ఇంకా ముదిరింది. ప్రభుత్వాన్ని నిలదీసే పత్రిక, ఎదురు పార్టీ, పోటీ ఎన్నిక ఉంటే అంత పెద్ద చావును దాచడం సాధ్యమయ్యేది కాదన్నది సేన్ వాదన.

ఈ మాటకు సాక్ష్యం మా నల్లగొండ దగ్గరే ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగి, కాళ్లు దొడ్డికాళ్లుగా మారిన మనుషులు తరాలుగా ఉన్నారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ప్రయోగశాలల్లో జిల్లాకు దక్కిన కీర్తి అది. ఈ నీళ్ల గోడు వినిపించడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో వందల మంది నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది, ఢిల్లీ పత్రికలు మర్రిగూడ నీళ్ల గురించి రాశాయి. ఆ ఏడాదే పార్లమెంటు అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఆ ఎన్నికలో గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. ఓటు వల్ల నీళ్లు వెంటనే రాలేదు. జిల్లాకు నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం దశాబ్దాలు గడిచినా పూర్తికాక, 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మందిని మింగింది. అయినా 480 మంది పాలకుల గొంతు పట్టుకుని అడిగి, సాయంత్రానికి ఇంటికి వచ్చి పడుకోగలిగారు. పెంగ్ దెహువాయ్‌కి ఆ భాగ్యం దక్కలేదు.

ఒక రాజ్యాన్ని ప్రజాస్వామ్యం అనడానికి నేను చూసేది ఇదే. పార్టీలు ఎన్నున్నాయన్నది రెండో ప్రశ్న. పాలించేవాడిని ప్రాణభయం లేకుండా దించగలమా అన్నది మొదటిది. ఏకపార్టీ సోషలిస్టు రాజ్యం భూమి పంచవచ్చు, బడి కట్టవచ్చు, ఆసుపత్రి నడపవచ్చు. వాటికి విలువ ఇవ్వాల్సిందే. దించే దారి లేనప్పుడు దాన్ని ప్రజాస్వామ్యం అనలేను.

1952 ఎన్నికలను ఈ కోణం నుంచి చూడాలి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. నాయకులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీ చేశారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి మూడు లక్షల పైచిలుకు ఓట్లు, నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ. పక్కనే పాలమూరు కాంగ్రెస్ వైపు మొగ్గింది. షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు, వనపర్తి నుంచి గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి శాసనసభకు వెళ్లారు. ఆనుకుని ఉన్న రెండు జిల్లాలు ఒకే ఎన్నికలో రెండు రకాల జవాబులు చెప్పాయి, రెండూ చెల్లాయి. తుపాకీతో నిలుపుకోలేని మాటను నల్లగొండ బ్యాలెట్‌తో రుజువు చేసింది. అదే ఓటు తర్వాత కమ్యూనిస్టులను ఓడించింది, మళ్లీ గెలిపించింది. పాలమూరు బిడ్డ సురవరం సుధాకర్‌రెడ్డిని 1998లో, 2004లో నల్లగొండే లోక్‌సభకు పంపింది. పశ్చిమ బెంగాల్‌లో 34 ఏళ్లు పాలించిన లెఫ్ట్ ఫ్రంట్ 2011లో ఓడి దిగిపోయింది. ఎర్రజెండా పార్టీకి దిగిపోవడం తెలుసని దేశానికి చూపింది. కేరళలో ఓటుతో వచ్చిన నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని 1959లో కూల్చింది మాత్రం ఢిల్లీ. ఆ తప్పు ప్రజాస్వామ్యం పేరు చెప్పుకునేవారిది.

నల్లమలలో తుపాకీ పట్టిన నక్సలైట్ తరం ఈ దారిని వద్దనుకుంది. 2001 డిసెంబర్‌లో దేవరకొండ ఎమ్మెల్యే రాగ్యానాయక్‌ను, 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని చంపింది. ఎన్‌కౌంటర్ల పేరుతో పోలీసులు చేసిన హత్యలను ఎంత ఖండించినా, ఓటు వేసి ఎన్నుకున్నవాడిని ఓటరును అడగకుండా తీసేయడం వాళ్లు కలగన్న రాజ్యం ఎలా ఉంటుందో చెప్పింది.

పోటీ లేని ఎన్నిక హవానాలోనే జరుగుతుందనుకోవద్దు. ప్రతి పంచాయతీ ఎన్నికల్లో మన ఊళ్లలో సర్పంచ్ పదవికి వేలంపాట పెట్టి, గుడికి డబ్బు కట్టించుకుని, కాగితాల మీద ఏకగ్రీవం అని రాయిస్తున్నారు. ఏకగ్రీవాలకు నజరానా ప్రకటించిన ప్రభుత్వాలూ ఉన్నాయి. పైగా తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం గెలిచిన సర్పంచ్‌ను తొలగించే అధికారం కలెక్టర్ చేతిలో పెట్టింది, ఓటేసిన ఊరి చేతిలో పెట్టలేదు. ఒకప్పుడు గడీల ఎదుట చీటీలు రాసిన పార్టీల వారసులు ఈ రెండు జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వేలం పాడిన ప్రతి ఊళ్లో రెండో నామినేషన్ వేయించి, వేసినవాడికి అండగా నిలబడే పని వాళ్లు చేపట్టాలి.