ఎర్రనోటి జబ్బుకు అర నిమిషం టీకా

చేపకు టీకా ఎలా వేస్తారు? పట్టుకుని సూది గుచ్చితే సరి! మరి వేలెడైనా లేని పిల్లలు లక్షల్లో ఉంటే? 1970ల్లో అమెరికాలోని ట్రౌట్ రైతులకు ఎదురైన ప్రశ్న ఇదే. వారికి ఆ అవసరం తెచ్చిపెట్టింది... కంటికి కనిపించని ఓ బ్యాక్టీరియా.

ఐడహో రాష్ట్రంలో స్నేక్ నదిని ఆనుకుని హేగర్‌మన్ లోయ ఉంది. అక్కడ కొండ అంచుల్లోంచి ఊటలు ఉబికివస్తుంటాయి. ఎండలు కాసినా, మంచు కురిసినా ఆ నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా ఒక్కటే... సుమారు 15 డిగ్రీల సెల్సియస్. చల్లటి పారే నీరుంటే తప్ప పెరగని రెయిన్‌బో ట్రౌట్‌కు అంతకన్నా ఏం కావాలి! అమెరికాలో పెంచే ట్రౌట్లలో సింహభాగం ఈ ప్రాంతానివే. పొడవాటి కాంక్రీటు తొట్లను మెట్లుమెట్లుగా కట్టి, ఒకదాంట్లోంచి వచ్చే నీటినే మరోదాంట్లోకి వదులుతారు. మోటార్ల ఖర్చు ఉండదు. కానీ పై తొట్టిలో జబ్బు పుట్టిందంటే, అదీ నీటితోపాటే కిందికి దిగుతుంది!

మేత ముట్టదు... మందెలా?

1950ల్లో ఈ లోయలోని జబ్బు ట్రౌట్ల నుంచే ఓ కొత్త బ్యాక్టీరియాను వేరుచేశారు. ఆ వ్యాధిమీద పరిశోధన చేసిన రాబర్ట్ రకర్ గౌరవార్థం 1978లో దానికి 'యెర్సీనియా రకరి' అని పేరు పెట్టారు. ప్లేగు బ్యాక్టీరియాకు ఇది దగ్గరి చుట్టం. అలాగని కంగారు పడక్కర్లేదు, దీన్ని మనుషులకు సోకే జబ్బుగా లెక్కించరు. చేపలకు మాత్రం గండమే. రక్తంలో చేరి ఒళ్లంతా పాకుతుంది. సన్నటి రక్తనాళాలు చిట్లి నోరు, దవడలు, మొప్పల మూతలు, రెక్కల మొదళ్లు ఎర్రబడతాయి. కళ్లు ఉబ్బుతాయి, ఒళ్లు నల్లబడుతుంది. చేప నీటి పైకి తేలి మందకొడిగా తిరుగుతుంది. ట్రౌట్‌కు హాయిగా ఉండే 15 డిగ్రీల నీరే ఈ బ్యాక్టీరియాకూ అనుకూలం కావడం అసలు చిక్కు.

మందుల్లేవా అంటే ఉన్నాయి. అయితే చేపలకు యాంటీబయోటిక్ ఇచ్చేది మేతలో కలిపి. జబ్బుపడ్డ చేప మొట్టమొదట మానేసేదేమో మేతనే! అంటే మందు అందేది ఇంకా తింటున్న చేపలకే తప్ప, అసలు రోగికి కాదు. పైగా పదేపదే వాడితే బ్యాక్టీరియా మొండికెత్తుతుంది. చేప ఒంట్లో మందు ఆనవాళ్లు పోయేదాకా అమ్మకమూ ఆపాలి. ఇంతా చేసి బతికి బట్టకట్టిన చేపల్లో కొన్ని, పేగుల్లో ఆ క్రిమిని దాచుకుని తిరుగుతుంటాయి. పైకి ఏ లక్షణమూ కనిపించదు. తొట్టిలో కిక్కిరిసినా, సైజులవారీగా ఏరడానికి వల వేసినా, నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా చేపలు బెదురుతాయి. అప్పుడు మళ్లీ మొదలు!

ముంచి తీస్తే చాలు

అందుకే జబ్బు వచ్చాక కాదు, రాకముందే ఏదో ఒకటి చేయాలనుకున్నారు శాస్త్రవేత్తలు. బ్యాక్టీరియాను పెంచి, చంపి, ఆ ద్రావణాన్నే టీకాగా మలిచారు. ఒక పాలు టీకాకు తొమ్మిది పాళ్ల నీరు కలిపి, పిల్లలను 30 సెకన్లపాటు అందులో ముంచి తీస్తే చాలు. మొప్పల నుంచీ, చర్మం నుంచీ టీకా ఒంట్లోకి చేరుతుంది. సూది లేదు, నొప్పి లేదు! 1976లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. చేపల కోసం వాణిజ్యపరంగా అనుమతి పొందిన మొదటి టీకా ఇదే. ఎర్రనోటి జబ్బు భయం చాలావరకు తగ్గింది.

తోకలేని శత్రువు

కథ అక్కడితో ముగిస్తే బాగుండేది. కొన్నేళ్లకు టీకా వేసిన చేపలూ జబ్బుపడటం మొదలైంది. ఇంగ్లండ్‌లో, స్పెయిన్‌లో, అమెరికాలో... పరీక్షిస్తే బ్యాక్టీరియా అదే, రకం మాత్రం వేరు. మామూలుగా సన్నటి తోకల్లాంటి పోగులతో ఈదే క్రిమి, ఈ రకంలో వాటిని పోగొట్టుకుని కదలకుండా ఉంది. దీనికి 'బయోటైప్ 2' అని పేరు. దాంతో రెండు రకాలనూ కలిపి కొత్త టీకా తయారుచేయాల్సి వచ్చింది.

టీకా రక్షణ కవచమే కానీ, అది ఉందని తొట్టిని కిక్కిరిసేలా నింపితే ప్రయోజనం ఉండదు. నీటి శుభ్రత, తగినంత ఆక్సిజన్, చచ్చిన చేపలను వెంటనే తీసెయ్యడం, కొత్తగా తెచ్చిన పిల్లలను కొన్నాళ్లు విడిగా ఉంచడం... ఇవన్నీ తోడైతేనే టీకాకు బలం.

మన దేశంలో ట్రౌట్ పెంపకం ఎక్కువగా కశ్మీర్, హిమాచల్‌లాంటి చలి ప్రాంతాలది. మన వేడి చెరువుల్లో పెరిగేవి బొచ్చె, శీలావతి. జబ్బులూ వేరే. కానీ కొల్లేరు దగ్గర రైతు చెరువులో వేలాడదీసిన మేత సంచిని పైకి తీసి, ఎంత మిగిలిందో ఎందుకు చూస్తాడో హేగర్‌మన్ రైతుకు వేరే చెప్పక్కర్లేదు. చేప తనకు బాగోలేదని చెప్పే మొదటి మాట... మిగిలిన మేతే!